మొహం లేని డప్పు వీడియో

నా కఫీల్ నా భార్యే. ఈ మాట చెప్పగానే దుబాయ్‌లో మగవాళ్ళు ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత నవ్వుతారు. ఆమె ఆసుపత్రిలో నర్సు. నేను ఆమె పూచీ మీద, ఆమె వీసా మీద ఉన్న మొగుణ్ణి. అంతకుముందు నాకూ ఒక ఉద్యోగం ఉండేది. పెళ్ళిళ్ళకీ మీటింగులకీ సౌండూ వీడియోలూ పెట్టే కంపెనీలో చాలా ఏళ్ళు చేశాను. కరోనా వచ్చిన ఏడాది నలుగురు ఒకచోట చేరడమే తప్పయిపోయాక అలాంటి కంపెనీ ఏం బతుకుతుంది? మూతపడింది. గోడౌన్ ఖాళీ చేస్తూ మా ముదీర్, అంటే మేనేజరు, రెండు పాత కెమెరాలు, ఒక మిక్సరు, నాలుగు మైకులు చూపించి, "కావాలంటే తీసుకుపో, ఖలాస్" అన్నాడు. అవి ఇంటర్నేషనల్ సిటీలో మా ఒంటిగది ఫ్లాటులో మంచం కిందికి చేరాయి.

"మనం పడుకోవడానికి తీసుకున్నామా ఈ ఇల్లు, మైకులు పడుకోవడానికా?" అని మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చినప్పుడల్లా అడిగేది.

ఆ మైకులతోనే మా సంఘం ప్రార్థనల్ని ఫోన్లలోకి లైవ్ పంపడం మొదలుపెట్టాను. అక్కణ్ణుంచి ఒకరికొకరు చెప్పుకుని, కరోనా కాస్త సద్దుమణిగాక అల్ కుసైస్ నుంచి ఒక ఫోర్‌మన్ ఫోన్ చేశాడు. జగిత్యాల వైపు మనిషి. అక్కడి క్యాంపుల్లో ఉండే తెలంగాణవాళ్ళు డప్పు జట్లు కట్టుకుని పోటీలు పెట్టుకుంటున్నారట. కంపెనీ అనుమతి ఉంది, క్యాంపు ఆవరణలోనే, సెలవు రోజు మధ్యాహ్నం. జట్టుకి పదిమంది, ఎనిమిది నిమిషాలు, ముగ్గురు జడ్జీలు.

"ఊర్లల్ల మావోళ్ళు సూడాలె సార్. లైవ్ పెట్టుండ్రి. తర్వాత ఏ జట్టు వీడియో ఆ జట్టోళ్ళు కొనుక్కుంటరు," అన్నాడు.

సరేనన్నాను. నాకేమో ప్రతిదీ కెలికి చూడాలనే జబ్బు ఉంది. డప్పుల పోటీని లైవ్‌లో అమ్మడం అనేది నేను వినని వ్యాపారం. వినని దాన్ని వదలడం నావల్ల కాదు.

మొదటిసారి పరువు పోయింది. పదిమంది నడుముకి ఎర్రగుడ్డలు కట్టి, గుండ్రంగా తిరుగుతూ, గాల్లోకి లేచి కొడుతుంటే నా గుండెలో మోగుతోంది. ఫోన్‌లో చూస్తున్నవాళ్ళు మాత్రం కింద రాస్తున్నారు: "అన్నా సౌండ్ రాలే", "మూగ డప్పా ఇది?" అని. వైర్లు పీకాను, పెట్టాను. "హలో, హలో" అన్నాను. నా హలో శుభ్రంగా వినబడిందట! డప్పు మాత్రం లేదు. ఇదేం చోద్యమని ఇంటికొచ్చి రెండు రోజులు తవ్వితే తేలింది. ఆ లైవ్ యాప్‌లో రొదను తీసేసే ఏర్పాటు ఒకటుంది. మాటల్ని ఉంచుతుంది, వెనకాల ఫ్యానో బండో మోగితే తుడిచేస్తుంది. పది డప్పుల్ని అది రొద కింద లెక్కేసి తుడిచేసింది. నాకు ఒళ్ళు మండింది. యంత్రం మీద కోప్పడి ఏం లాభం, చూసుకోకపోవడం నాదే తప్పు.

రెండో పోటీకి ఆ ఏర్పాటు ఆపేసి, నాలుగు మైకులూ వరుసగా నేల మీద పెట్టి, మిక్సరు ముందు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాను. ఒక్కో మైకునీ విడిగా వినొచ్చు. ఒకటో మైకులో డప్పులు, రెండో దాంట్లో డప్పులు. నాలుగో దాంట్లోకి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అక్కడొక డప్పు వేరేగా మోగుతోంది. మిగతావి టకటకమంటుంటే ఇది లోపల్నించి పలుకుతోంది. అంతకంటే వింత, మిగతా తొమ్మిదీ దాని వెనకే నడుస్తున్నాయి. అది వేగం పెంచితే పెంచుతున్నాయి, అది ఆగితే ఆగుతున్నాయి. జట్టు నాయకుడు ముందు నిలబడి ఈల వేస్తున్నాడు కానీ, జట్టుని నడిపిస్తున్నవాడు వరుసలో చిట్టచివర ఉన్నాడు. కంటితో చూస్తే ఎవరికీ తెలియదు.

ఇంతలో మసీదు నుంచి అజా వినబడింది. అజా మొదలవగానే ఎక్కడి దెబ్బ అక్కడ ఆపెయ్యడం ఈ పోటీల్లో కట్టు. కొట్టేవాళ్ళు పుల్లలు దించి నిలబడతారు, గడియారమూ ఆగుతుంది. అజా అయ్యి, ఆ జట్టు మిగిలిన నిమిషాలూ కొట్టి దిగాక నేను హెడ్‌ఫోన్లు తీసి ఆ చివరి మనిషిని వెతుక్కుంటూ వెళ్ళాను.

బయట పార్కింగ్‌లో పికప్ బండి బానెట్ మీద తన డప్పుని ఎండకి పెట్టి కాపలా కాస్తున్నాడు. ముప్పై దాటిన మనిషి, సన్నగా ఉన్నాడు. షట్టరింగ్ కార్పెంటరట. తోలు బిగిసేందుకు మన దగ్గరైతే గడ్డి మంటేసి కాస్తారు, క్యాంపులో మంట వేస్తే ఊరుకోరు కదా.

"అందరివీ ఫైబర్ డప్పులు. నీది తోలుదేంటి తమ్ముడూ? విమానంలో ఎలా తెచ్చావు?"

"తేలేదన్నా. ఈడనే చేసిన."

నేను నోరెళ్ళబెట్టాను. ఎలాగో చెప్పేదాకా కదల్లేదు. సైట్‌లో మిగిలిన చెక్క ముక్కలు వంచి, బిగించి చట్రం చేశాడట. అజ్మాన్‌లో మాంసం కొట్టువాణ్ణి బతిమాలి మేకతోలు తెచ్చాడట. మెస్‌లో పులుసుకి పిసికి పారేసిన చింతపండులోంచి గింజలు ఏరి, వేయించి, దంచి, ఉడకబెట్టి జిగురు చేశాడట.

"తోలు ఎండేదాక రూమోళ్ళు నన్ను బయట పండుమన్నరన్నా, గంత వాసన," అని నవ్వాడు. వెంటనే నవ్వు ఆపి నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, ఒక్క మాట. నన్ను మాత్రం వీడియోల సూపెట్టకు. నీ కాల్మొక్త."

"అదేంటి? అందరూ ముందుకొచ్చి పడుతుంటే!"

అడక్కుండా ఉండలేనని చెప్పానుగా. అడిగాను. అతను బండి టైరు పక్కన కూర్చుని చెప్పాడు. వాళ్ళది తరతరాలుగా ఊరికి డప్పు కొట్టే ఇల్లు. చావొస్తే కొట్టాలి, పండగొస్తే కొట్టాలి, చాటింపు వెయ్యాలి. పిలిస్తే పోవాలి, కూలి ఉండదు, రానంటే కుదరదు. ఇతనికి డప్పు నేర్పింది పెద్దన్న. ఆ అన్నే ఒకరోజు ఊళ్ళో పెద్ద ఇంట్లో చావుకి పిలిస్తే, డప్పు తెచ్చి పంచాయతీ ముందు నేల మీద పెట్టి, ఇక మా ఇంట్లో ఎవరూ కొట్టరని చెప్పి వచ్చేశాడట. ఏడాదిపాటు వాళ్ళని ఎవరూ పనికి పిలవలేదు, కొట్లో ఉప్పు కూడా అమ్మలేదు. అన్న పట్నం పోయి ఆటో నడిపాడు. ఆ ఆటో సంపాదనతోనే తమ్ముణ్ణి దుబాయ్ పంపాడు.

"విమానం ఎక్కిచ్చేటప్పుడు ఒక్కటే చెప్పిండు. డప్పు ముట్టినోడు నాకు తమ్ముడు కాదు అన్నడు. అన్న మాటంటే మాటే. ఈ వీడియో సూసిండంటె నాకు ఇగ అన్న లేడు."

"మరి ఎందుకు కొడుతున్నావయ్యా?"

కాసేపు చేతులు చూసుకున్నాడు. "ఏమో అన్నా. చెయ్యి ఊకుంటలేదు."

ఆ సాయంత్రం బస్సులో ఇంటికొస్తూ మా అమ్మకి ఫోన్ చేశాను. మాది కోస్తా. మా తాతల కాలంలో క్రైస్తవ సంఘంలో చేరారు. చర్చిలో తబలా ఉంది, కీబోర్డు ఉంది, డప్పు మాత్రం నేను ఎప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు ఎవరో ముసలాయన నోట ఒక మాట విన్నాను, అది ఇప్పుడు బయటికి తన్నుకొచ్చింది.

"అమ్మా, మన తాత కూడా డప్పు కొట్టేవాడంట కదా?"

అమ్మ గొంతు తగ్గించింది. "ఎవరు చెప్పార్రా నీకు? ఇప్పుడా సంగతులెందుకు? ప్రార్థనకి టైమైంది, ఉంటాను," అని పెట్టేసింది.

ఆ తర్వాతి పోటీకి ఒక ఉపాయం చేశాను. ఒక కెమెరా మొత్తం జట్టుని తీస్తుంది. రెండో కెమెరాని అతని చేతుల మీద బిగించేశాను. కుడిచేతిలో పొట్టి సిర్ర, ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల, మధ్యన డప్పు, అంతే. మెడ పైన ఏమీ కనిపించదు. లైవ్‌లో మొదటి కెమెరా చివరి మనిషి దాకా పోకుండా అంచు కోసేశాను. అమ్మే వీడియోలో సగం ఆ చేతులే పెట్టాను. అంచు కొయ్యని అసలు వీడియో హార్డ్‌డిస్క్‌లో ఉండిపోయింది. మాట నిలబెట్టుకున్నాను, మంచి షాటూ దొరికింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అక్కడే పప్పులో కాలేశాను.

ఆ వీడియో అమ్ముడుపోవడం మొదలైంది. మామూలుగా ఒక జట్టు వీడియో ఆ జట్టువాళ్ళూ, వాళ్ళ ఇళ్ళవాళ్ళూ కొంటారు, అక్కడితో సరి. ఇది ఆగడంలేదు. సిరిసిల్ల వైపు నుంచి, నిజామాబాద్ వైపు నుంచి, నేను పేరు కూడా వినని ఊళ్ళ నుంచి డబ్బులు వేసి లింకు పంపమంటున్నారు. గెలిచింది కూడా ఆ జట్టు కాదు! ఎందుకబ్బా అని నిద్ర పట్టలేదు. వీడియోలో జనం ఎక్కడెక్కడ వెనక్కి తిప్పి చూస్తున్నారో అమ్మే వెబ్‌సైటు ఒక గీతలా చూపిస్తుంది. గాల్లోకి ఎగిరే చోట గీత చప్పగా ఉంది. చేతులు కనిపించే ప్రతిచోటా కొండలా లేచింది. ఇక ఉండబట్టలేక కొన్నవాళ్ళలో ఒకతనికి ఫోన్ చేసి అడిగేశాను.

"చేతులు సాఫ్ కనవడుతున్నయి సార్," అన్నాడు. "వేరే వీడియోలల్ల దుంకుడే ఉంటది. దీంట్ల పుల్ల ఎట్ల తిరుగుతున్నదో కనవడుతది. మా జట్టు మొత్తం దీన్ని సూసే నేర్చుకుంటున్నం."

మా ఆవిడకి చెబితే, "మీ హీరోకి మొహం లేకపోయినా గిరాకీ ఉందే!" అని నవ్వింది. అతనికీ చెప్పాను. సంతోషపడ్డాడు, కానీ రెండుసార్లు అడిగాడు. "మొకం అయితే లేదు గదా అన్నా?" లేదని ఒట్టేసి చెప్పాను.

ఒకరోజు పొద్దున పదింటికి అంట్లు తోముతున్నాను. మా ఇంట్లో ఆ డ్యూటీ నాది. ఫోన్ మోగింది. ఇండియా నంబరు. కొనేవాళ్ళు ఎవరో అనుకుని తడి చేత్తోనే ఎత్తాను.

"డప్పు వీడియో అమ్మెటాయిన మీరేనా సారూ?"

"నేనేనండి. ఏ జట్టుది కావాలి?"

"ఆ చేతులు ఎవలియి?"

కొళాయి కట్టేశాను. "జట్టులో చాలామంది ఉంటారండి. ఎవరివో నాకెలా తెలుస్తుంది?"

"తెల్వదా? నాకు తెలుసు. ఆటో అడ్డ మీద పోరగాళ్ళు ఫోన్ల పెట్టుకొని నేర్చుకుంటుండ్రు. నేను ఎనుకకు తిరిగి ఉన్న, సూడలే. సప్పుడు ఇన్న. అది మా ఇంటి దరువు. దాన్ని నేను ఒక్కనికే నేర్పిన."

మొహం దాచాను, ఊరు దాచాను, పేరు దాచాను. కష్టపడి రొదని ఆపి, మైకు దగ్గరగా పెట్టి, ఆ చప్పుడుని మాత్రం శుభ్రంగా ఇంటింటికీ పంపాను. మంచం మీద కూలబడి, అన్నదమ్ముల్ని విడగొట్టిన పాపం నాకు చుట్టుకోబోతోంది దేవుడా అనుకున్నాను.

"అన్నా, మీ తమ్ముడి తప్పేం లేదు," అన్నాను.

"అది తర్వాత. ఆన్ని ఎవలు పిలిసిండ్రు కొట్టుమని?"

"ఎవరూ పిలవలేదన్నా. ఇది పోటీ. ఇష్టమున్నవాళ్ళు పేర్లిచ్చుకుంటారు."

"రానంటె?"

"రానంటే ఏముంది? రూములో పడుకుంటారు."

"కొట్టినంక ఏడ కూసుంటరు?"

ఈ ప్రశ్న ఎందుకో నాకు వెంటనే అర్థం కాలేదు. "కుర్చీల్లో," అన్నాను.

"అందరితోనా?"

"అందరితోనే. క్యాంపు మేనేజరూ ఆ వరుసలోనే కూర్చుంటాడు. అక్కడే కలిసి తింటారు."

అటువైపు ఆటోల హారన్లు వినబడుతున్నాయి.

"మరి మొకం ఎందుకు లేదు?"

"మీరు చూస్తే బాధపడతారని అతనే వద్దన్నాడు. అందుకని నేను చేతులు మాత్రం..."

"సారూ." గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "మా ఊర్లె గట్లనే సూసేటోళ్ళు. సావుకు మా చేతులు గావాలె. పండుగకు మా చేతులు గావాలె. మొకం ఎవనికీ అక్కర లేకుండె. ఎదురొస్తె ఇటు తిప్పుకొని పొయ్యేటోళ్ళు. నేను డప్పు కిందవెట్టింది చేతులు నొచ్చి అనుకున్నరా? గందుకే పెట్టిన. మీరు గాడ దుబాయిల కూసోని మల్ల గదే జేసిండ్రు. చేతులు కోసి అమ్ముతుండ్రు."

నాకు తల తీసేసినట్టయింది. ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది ఏమిటంటే, మా ఇంట్లో మా తాత ఫోటో ఒక్కటి కూడా లేదు. ఆయన మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఊళ్ళో ఆయన చేత ఎన్ని చావులకి కొట్టించుకున్నారో, ఒక్కరికీ ఆయన్ని ఫోటో తియ్యాలని తోచలేదు. మా వాళ్ళకి కూడా ఆ మాట ఎత్తడమే సిగ్గయిపోయింది.

"తీసెయ్యమంటారా అన్నా?" అన్నాను.

"తీసేసుడు కాదు. మొకం పెట్టుండ్రి. పెట్టకుంటె ఆ చేతులు గూడ పీకెయ్యుండ్రి." ఆటో స్టార్టయిన చప్పుడు వినబడింది. "ఇంకొకటి చెప్పుండ్రి ఆనికి. మూడో దరువుల తొందరవడుతుండు. చిన్నప్పటి సంది గంతే." అని పెట్టేశాడు.

మిగిలిన అంట్లు అలాగే వదిలేసి అల్ కుసైస్ బస్సెక్కాను. ఆ రోజు అతనికి సెలవు. రూములో కింది మంచం మీద కూర్చుని బట్టలు మడత పెట్టుకుంటున్నాడు. నా మొహం చూడగానే లేచి నిలబడ్డాడు.

"సూసిండా?"

"చూడలేదు, విన్నాడు. చప్పుడుని బట్టి పట్టేశాడు."

మంచం కమ్మీ పట్టుకున్నాడు. "తిట్టిండా? ఇగ మాట్లాడనన్నడా?"

"తిట్టింది నన్ను. బాగా తిట్టాడు. నీ మొహం ఎందుకు కోసేశానని." అన్న అన్న మాటలన్నీ, ఒక్కటి కూడా వదలకుండా అప్పజెప్పాను. అతను తల వంచుకుని విన్నాడు.

"నన్నేమన్నడు?"

"మూడో దరువులో తొందరపడుతున్నావట."

తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడా, నవ్వుతున్నాడా తెలియలేదు. తువ్వాలు తీశాక చూస్తే రెండూను. "నిజమే అన్నా," అన్నాడు. "పడుతున్న."

"ఫోన్ చెయ్యి మరి మీ అన్నకి."

"చేస్త. ముందుగాల మొకం పెట్టుండ్రి. అన్న నన్ను సూసినంక చేస్త."

ఇంటికొచ్చి, పక్కన పెట్టేసిన అసలు వీడియో తెరిచాను. ఇన్ని పోటీలు తీశాను, అతను కొడుతున్నప్పుడు మొహం ఎలా ఉంటుందో నేనూ ఎప్పుడూ చూడలేదు, అంచు కొయ్యడానికి తప్ప ఆ వైపు చూస్తే ఒట్టు. కళ్ళు మూసుకుని, నాలిక కొసని పళ్ళ మధ్య పట్టుకుని కొడుతున్నాడు. మూడో దరువు వచ్చేసరికి కనుబొమలు ఎగరేస్తున్నాడు. ఆ తొందర అక్కడ కనిపిస్తోంది కూడా. చేతులు ఉన్నచోట చేతులు ఉంచి, మొహం ఉండవలసిన ప్రతిచోటా మొహం పెట్టాను. పాత వీడియో పీకేసి కొత్తది ఎక్కించాను. కింద అతని పేరు, ఇంటి పేరు, ఊరు, తర్వాత ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఆ అన్న పేరు కూడా వేశాను. పాతది కొన్నవాళ్ళందరికీ కొత్త లింకు ఊరికే పంపాను. మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, నిలబడే పూర్తిగా చూసింది. ఏమీ వెటకారం చెయ్యలేదు.

"మంచి మొహమండీ," అంది.

మర్నాడు మధ్యాహ్నం ఆ వీడియోకి డబ్బులు పడ్డాయి. చూస్తే ఆ అన్న నంబరు. నాకు సిగ్గేసింది. ఆయన దగ్గర నేను డబ్బు తీసుకోవడమేంటి! లింకు పంపి, డబ్బు వెనక్కి వేసేసి, "ఇది మీ ఇంటి వీడియో అన్నా, మీకు ఊరికే" అని రాశాను. పావుగంటలో ఆ డబ్బు మళ్ళీ వచ్చింది. వెనకాలే మాట రికార్డు చేసి పంపాడు. ఆటో ఎక్కడో పక్కకి ఆపినట్టున్నాడు, చుట్టూ చప్పుడు లేదు.

"సారూ, పైసలు వాపస్ పంపకుండ్రి. మా తాత ఉత్తగ కొట్టిండు. మా నాయిన ఉత్తగ కొట్టిండు. నేను గూడ కొట్టిన. నా తమ్ముడు కొడితె నేను ఉత్తగ సూడ."